గాలి అరువు తెచ్చుకున్న ఒళ్ళు

గాలికి ఒళ్ళు లేదు. కొమ్మ ఊగితే గాలి వచ్చిందంటాం, దండెం మీద చీర ఎగిరితే గాలి అంటాం, చెమట ఆరితే గాలి అంటాం. చూసింది కొమ్మనూ చీరనూ మాత్రమే. సుడిగాలి ఒక్కటే దీనికి మినహాయింపు. అందులో గాలి నిలువునా లేచి నిలబడి, ఇదిగో నా పాదం, ఇదిగో నా నడుము, ఇదిగో నా నడక అని చూపించుకుంటుంది. అయితే ఆ ఒళ్ళు దాని సొంతం కాదు. దారిలో దొరికినదాన్ని అరువు తెచ్చుకుని కట్టుకున్నది. దుమ్ము దొరికితే దుమ్ము, నీళ్ళు దొరికితే నీళ్ళు, ఊరు దొరికితే ఊరు. సుడిగాలుల అందమూ, వాటి చేతిలో పోయిన వేలమంది కథా, రెండూ ఈ అరువులోనే ఉన్నాయని నా నమ్మకం.

హైదరాబాద్‌లోని ఆరాంఘర్ చౌరస్తాకు గాలిని చూడటానికి ఎవరూ రారు. మెహిదీపట్నం నుంచి పిల్లర్ల మీదుగా 11 కిలోమీటర్లకు పైగా వచ్చిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే నేలకు దిగుతుంది. శంషాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల బస్సుల కోసం జనం ఎండలో నిలబడి ఉంటారు. ఒకవైపు కాటేదాన్ కార్ఖానాలు, ఇంకోవైపు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాలు, దక్షిణాన బెంగళూరు రోడ్డు పొడవునా చదును చేసి వదిలేసిన ప్లాట్లు. ఏప్రిల్‌లో ఒంటిగంట దాటాక ఈ నేలంతా ఒక్క తీరుగా కాగదు. తారు ఒకలా, మొరం ఇంకోలా, బండరాయి మరోలా కాగుతాయి. పొలం పక్కన గాలి కాస్త చల్లగా ఉంటుంది, మొరం ప్లాటు మీద గాలి నిప్పు మీదున్నట్టే. సుడిగాలికి కావలసింది ఈ తేడాయే.

మొదట ఎండుగడ్డి పోచ ఒకటి కదులుతుంది. పక్కకు కాదు, గుండ్రంగా. తర్వాత చాయ్ తాగి పారేసిన కాగితపు కప్పు దొర్లడం మొదలుపెట్టి, దొర్లి దొర్లి బయల్దేరిన చోటికే వస్తుంది. ఇసుక చీలమండ ఎత్తులో ఒక వలయం కట్టి అక్కడే తిరుగుతుంది, అంతకన్నా పైకి పోదు. సన్నటి దుమ్ము మాత్రం లోపలి అంచు పట్టుకుని పైకెక్కుతుంది. దానికన్నా తేలికైన ప్లాస్టిక్ కవరు అందరికంటే ఆలస్యంగా వచ్చి అందరినీ దాటిపోయి, రెండో అంతస్తు ఎత్తులో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరుగుతుంది. ఏది ఎంత బరువో అంత ఎత్తున, పొరలు పొరలుగా. గాలి దేన్నీ కలగాపులగం చేయదు, వేరుచేసి పేరుస్తుంది. కొంచెం ధైర్యం చేసి దగ్గరగా చూస్తే నడిమధ్యన దుమ్ము పలుచగా కనిపిస్తుంది. అక్కడ గాలి పైకి కాదు, మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. "ఇవతలికి రా బిడ్డా, సుడిగాలి ఒస్తున్నది, కండ్లు మూస్కో" అని బస్టాపులో ఒక ముసలామె మనవడి రెక్క పట్టి లాగింది. పిల్లవాడు కళ్ళు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు.

దీని పుట్టుక తేలిక. బాగా కాగిన నేల తన మీది గాలిని తేలిక చేస్తుంది, అది ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి నలువైపుల నుంచీ గాలి పరుగెత్తి వస్తుంది. సరిగ్గా నడిమికే గురిపెట్టి రావడం దాని వల్ల కాదు, ఏ పిట్టగోడో లారీయో కొంచెం పక్కకు తోస్తుంది. ఆ కొంచెం తేడాయే తిరుగుడవుతుంది. నడిమికి దగ్గరయ్యే కొద్దీ ఆ తిరుగుడు వేగం పెరుగుతుంది, దూరం సగమైతే వేగం రెట్టింపు. కుడికి తిరగాలా ఎడమకు తిరగాలా అన్నదానికి ఇక్కడ నియమం లేదు, భూభ్రమణం దాకా పోయేంత పెద్దది కాదిది. మేఘంతోనూ పని లేదు. చెట్ల నీడలోకో తడిపొలంలోకో అడుగు పెట్టిందంటే కింద వేడి ఆగిపోయి అక్కడికక్కడే కూలిపోతుంది. అంగారకుడి మీద కూడా ఇవే తిరుగుతాయి. నాసా పంపిన పర్సివరెన్స్ రోవర్ మీదుగా 2021లో ఒకటి వెళ్తూ ఉంటే దాని మైక్రోఫోన్ ఆ చప్పుడును, ఇసుక రేణువులు తగిలిన టిక్కుటిక్కులతో సహా పట్టుకుంది. మన మొరం ప్లాటు మీదా, ప్రాణి లేని ఆ ఎర్రనేల మీదా ఒకే తర్కం నడుస్తోందన్న ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వదు.

దుమ్ము దొరకనప్పుడు కూడా ఆ స్తంభం ఉంటుంది. కనిపించదంతే. తల ఎత్తి చూస్తే ఆరాంఘర్ ఆకాశంలో గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రాలు తిరుగుతూ పైకి పోతుంటాయి. అవి ఎక్కుతున్నది లేస్తున్న వేడిగాలిని. పది గద్దలు వేర్వేరు ఎత్తుల్లో ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంటే ఆ ఇరుసు కళ్ళకు కట్టినట్టుంటుంది. గాలి ఆ పూట గద్దల ఒళ్ళు అరువు తెచ్చుకుంది.

పోతన భాగవతం దశమ స్కంధంలో తృణావర్తుడి ఘట్టం చదివినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. కంసుడు పంపిన రాక్షసుడు సుడిగాలై వస్తాడు. వ్రేపల్లె అంతా దుమ్ము కమ్ముతుంది. ఏడాది పిల్లవాడైన కృష్ణుణ్ణి ఎత్తుకుపోతాడు. పిల్లవాడు బరువెక్కి, గొంతు పట్టుకుని, రాతి మీద పడేస్తాడు. ఆ ఘట్టంలో నన్ను ఎప్పుడూ ఆపేది రాక్షసుడు కాదు, దుమ్ము. ఒకరికొకరు కనబడని ఆ కొద్దిసేపు. తల్లి పక్కనే ఉంది, బిడ్డ ఎక్కడున్నాడో తెలియదు. సుడిగాలి భయమంతా అక్కడుంది. అది ఎత్తుకుపోవడం తర్వాత, ముందు చూపు తీసేస్తుంది. రాక్షసుణ్ణి చంపడానికి పిల్లవాడు ఎంచుకున్న ఉపాయం కూడా గాలి స్వభావం తెలిసినవాడిదే. గాలి మోయలేనంత బరువును దానికి అరువిచ్చాడు.

భరతుడు నాట్యశాస్త్రంలో రసాలకు రంగులు చెప్పాడు. అద్భుతానికి పసుపు, భయానకానికి నలుపు, కరుణకు పావురం రంగు. ఆరాంఘర్ ఎండలో లేచే దుమ్ముసుడి పసుపుది. నిలబడి చూడొచ్చు, మహా అయితే కళ్ళల్లో ఇసుక పడుతుంది. నల్లనిది వేరే ఉంది, టోర్నడో.

అది నేల మీద పుట్టదు. నేల దగ్గర తేమ నిండిన వెచ్చటి గాలి దక్షిణం నుంచి నెమ్మదిగా వస్తూ ఉంటుంది. దాని మీద, కొన్ని కిలోమీటర్ల ఎత్తున, పొడిగా చల్లగా ఉన్న గాలి పడమటి నుంచి వేగంగా పోతూ ఉంటుంది. కింది పొర మెల్లగా, పై పొర గబగబా నడిస్తే నడుమ ఉన్న గాలి పొర్లక తప్పదు. అది ఆకాశంలో అడ్డంగా పడుకుని, ఎవరికీ కనిపించకుండా, చుట్ట చుట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు కింది వెచ్చటిగాలి ఉరుము మేఘమై పైకి తన్నుకు లేస్తుంది. నేల మీద పరిచిన చాపను చుట్టి, ఆ చుట్టను ఎత్తి గోడకు నిలబెట్టినట్టు, అడ్డంగా ఉన్న ఆ తిరుగుడును నిలువుగా ఎత్తేస్తుంది. ఇక మేఘమే తిరగడం మొదలుపెడుతుంది. కొన్ని కిలోమీటర్ల వెడల్పున, నింపాదిగా, గంటల తరబడి. వాతావరణ శాస్త్రజ్ఞులు సూపర్‌సెల్ అనేది దీన్నే. పక్కనుంచి చూసినవాళ్ళ ఫొటోల్లో ఆ మేఘం అంచులు కుమ్మరి చేతివేళ్ళు ఒత్తినంత నున్నగా గీతలు తేలి ఉంటాయి. ఇంత పెద్ద బరువు ఇంత శ్రద్ధగా తిరగడం ప్రకృతిలో ఇంకెక్కడా నేను చూడలేదు.

అక్కడితో ఆగిపోతే మంచిదే. చాలా మేఘాలు ఆగిపోతాయి కూడా. కొన్నిట్లో మాత్రం వాన చల్లబరచిన గాలి మేఘం వెనుక వైపు నుంచి కిందికి దిగి, తిరుగుడును నేలదాకా లాక్కొస్తుంది. పైన ఎత్తిపోసే గాలి దాన్ని పట్టుకుని సాగదీస్తుంది. సాగే కొద్దీ సన్నబడుతుంది, సన్నబడే కొద్దీ వేగం పుంజుకుంటుంది. నడిమిలో గాలి పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. 2003 జూన్ 24న అమెరికాలోని సౌత్ డకోటాలో మాంచెస్టర్ అనే చిన్న ఊరి దగ్గర టిమ్ సమరాస్ అనే పరిశోధకుడు రోడ్డు మీద పెట్టి వచ్చిన పరికరం మీదుగా టోర్నడో వెళ్ళినప్పుడు, నిమిషం లోపల పీడనం 100 మిల్లీబార్లు పడిపోయింది. అంత పీడనం పడితే గాలి చల్లబడి, అందులోని తేమ మేఘమవుతుంది. ఆకాశం నుంచి దిగే ఆ నల్లటి గరాటు అదే. కింద నుంచి దుమ్ము, పై నుంచి మేఘం, రెండు అరువు ఒళ్ళూ ఒకదానికొకటి ఎదురొస్తాయి. వాటి నడుమ ఒక్కోసారి ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలోనూ గాలి అదే వేగంతో తిరుగుతోందని మరచిపోయినవాళ్ళు ప్రమాదంలో పడ్డారు.

ఇన్ని హంగులు లేకుండా పుట్టేవీ ఉన్నాయి. రెండు గాలులు ఎదురెదురుగా రాసుకునే గీత మీద నేలనే చిన్న సుడులు పుడతాయి. వాటిలో ఒకదాని నెత్తిన సరిగ్గా ఎదుగుతున్న మేఘం వచ్చి నిలిస్తే, అది ఆ సుడిని పైకి సాగదీస్తుంది. నేల మీదైతే సన్నటి తాడంత మట్టిస్తంభం, నీళ్ళ మీదైతే నీటి తుంపరల స్తంభం. వాన మేఘం వదిలిన చల్లగాలి నేల మీద పరుచుకుంటూ పరుగెత్తేటప్పుడు దాని ముందు అంచున లేచేవి ఇంకో రకం, వాటికి మేఘంతో ముడి ఉండదు. తుఫాను తీరం దాటాక దాని బయటి వానపట్టీల్లోనూ చిన్నవి పుడతాయి. వీటన్నిటి రూపం దూరం నుంచి ఒకటే. తల్లులే వేరు.

మన దక్కనులో ఈ నల్లనిది ఎందుకు అరుదు? వేడి మనకు కావలసినంత ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వానలు వస్తాయి, శంషాబాద్ దాకా వడగళ్ళు పడతాయి. లేనిది పైపొర గాలిలో ఆ తొందర. కింది గాలికీ పై గాలికీ నడక తేడా చాలక చుట్ట చుట్టుకోదు. గంగా మైదానంలో, బెంగాల్‌లో ఆ తేడా ఉంది. మార్చి నుంచి మే దాకా బంగాళాఖాతం తేమ కింద, ఛోటానాగపూర్ మీదుగా వచ్చే పొడిగాలి దాని మీద, హిమాలయాల దక్షిణపు వాలు మీద ఇంకా తరలిపోని జెట్ ప్రవాహం ఇంకా పైన. మూడు పొరలూ ఒకదాని మీద ఒకటి కుదిరిన రోజున కాలబైశాఖి అని పిలిచే అక్కడి వేసవి ఉరుములవానలు టోర్నడోలను కంటాయి. 1978 మార్చి 17న ఢిల్లీ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల నిమిషాల్లో 28 మందిని చంపినది అలాంటిదే. 2009 మార్చి 31న ఒడిశాలో కేంద్రాపడా జిల్లా రాజ్‌కనికా మీద పడినదీ, 2024లో అదే తేదీన జల్పాయిగుడి జిల్లా మైనాగుడి మీద పడినదీ ఆ కుటుంబానివే.

అన్నిటికంటే ఘోరమైనది బంగ్లాదేశ్‌ది. 1989 ఏప్రిల్ 26 సాయంత్రం, మాణిక్‌గంజ్ జిల్లాలో దౌలత్‌పూర్, సాటురియా. నెలల తరబడి వాన లేక ఎండిన నేల. వాన కోసం ఎదురుచూస్తున్న ఊళ్ళు. మేఘం కనబడగానే వాళ్ళు ఏమనుకుని ఉంటారో ఊహించడానికి తెలంగాణ రైతుకు కష్టం కాదు. ఆ సాయంత్రం సుమారు 1300 మంది పోయారు, దాదాపు 80 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. నమోదైన చరిత్రలో ఒక్క టోర్నడో ఇంతమందిని చంపడం ఇంకోసారి జరగలేదు. రేకులూ తాటాకులూ కప్పిన మట్టిగోడల ఇళ్ళు, బేస్‌మెంట్ లేని నేల, సైరన్ లేని కాలం. ఆ గాలి అరువు తెచ్చుకున్న ఒంటిలో ఎక్కువ భాగం ఆ ఇళ్ళ రేకులే.

అమెరికాలో ఎక్కువమందిని చంపినదాని సంగతి ఇంకా విచిత్రం. 1925 మార్చి 18న మిస్సోరీలో మొదలై, ఇల్లినాయ్ దాటి, ఇండియానాలో ఆగింది. మూడున్నర గంటలు, సుమారు 350 కిలోమీటర్లు. 695 మంది మరణించారు. మర్ఫీస్‌బరో అనే ఒక్క ఊళ్ళోనే 234 మంది. అప్పటి మాటలన్నీ ఒకే సంగతి చెబుతాయి: చాలామందికి గరాటు కనిపించలేదు. నేల దాకా వేలాడిన నల్లటి మబ్బు, పొగమంచు, దొర్లుకొస్తున్న చీకటి. గాలి ఆ రోజు ఎంత ఒళ్ళు తెచ్చుకుందంటే దానికి ఆకారమే లేకుండా పోయింది. బొమ్మల్లో చూసిన రూపం కోసం చూసినవాళ్ళు అది తమ మీదికి వచ్చేదాకా పోల్చుకోలేకపోయారు. పైగా అమెరికా ప్రభుత్వ వాతావరణ ప్రకటనల్లో టోర్నడో పేరెత్తడమే అప్పటికి దశాబ్దాలుగా నిషిద్ధం, జనం బెదిరిపోతారని. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు సైనికాధికారులు మొదటిసారి ధైర్యం చేసి ముందుగా చెప్పారు. ఆ సాయంత్రమే అది వచ్చింది.

2013 మే 31న అదే ఓక్లహోమాలో ఎల్ రీనో దగ్గర లేచినది 4 కిలోమీటర్లకు పైగా వెడల్పు, తెలిసినవాటిలో అతి వెడల్పైనది. వాన దాన్ని చుట్టేసి ఉంది. దాని లోపల ఇంకా చిన్న సుడులు పెద్ద వేగంతో తిరుగుతున్నాయి. జీవితమంతా టోర్నడోల దారిలో పరికరాలు పెట్టిన టిమ్ సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఆ రోజు అందులోనే పోయారు. వాళ్ళకు ఆ గాలి గురించి తెలియనిది లేదు. దాని అంచు ఎక్కడుందో చూడగలిగే ఒళ్ళు అది చూపించలేదు.

అందుకే సన్నగా, తెల్లగా, చివర మెలి తిరిగి, పచ్చటి గోధుమ చేను మీద ఒంటరిగా నడిచే టోర్నడో ఫొటో చూసి ముచ్చటపడటం తప్పని నేననుకోను. ఆ రూపం దయ గలది. నేనిక్కడున్నాను, పక్కకు తప్పుకో అని చెబుతుంది. రసానికి దూరం కావాలని మన ఆలంకారికులు అన్నది రంగస్థలం గురించి. ఆరుబయట ఆ దూరం కిలోమీటర్లలో ఉంటుంది. ఆ దూరంలో నిలబడ్డవాడికి అద్భుతం, లోపలున్నవాడికి భయానకం, మర్నాడు వచ్చినవాడికి కరుణ. ఒకే ఇరుసు మీద మూడు రసాలు. ఈ మూడింటిలో ఒక్కదాన్నే అనుభవిస్తానన్న రసికుణ్ణి నేను నమ్మను. ఇళ్ళు లేచిపోతున్న వీడియోను పాటతో కలిపి పంపేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

తెలుగువాళ్ళకు తెలిసిన గాలి తుఫాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన తరం ఇంకా ఉంది. తుఫాను వందల కిలోమీటర్ల గుండ్రం. రోజుల ముందు కబురు వస్తుంది, ఇప్పుడైతే పేరు కూడా పెడతారు. టోర్నడోకు పేరుండదు. కబురు పది పదిహేను నిమిషాల ముందు వస్తే అదృష్టం. శంషాబాద్‌లో విమానమెక్కి డాలస్‌లో పిల్లల దగ్గరికి ఆరునెలలకని వెళ్ళే అమ్మానాన్నలకు ఈ తేడా అక్కడే తెలుస్తుంది. నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండుకు ఊరంతా సైరన్ మోగుతుంది. మొదటిసారి విన్నవాళ్ళు కంగారుపడితే, "టెస్టింగేనమ్మా" అని కోడలు చెబుతుంది. అక్కడి ఇళ్ళకు బేస్‌మెంట్లు అరుదు. నిజంగా మోగితే కిటికీలు లేని బాత్రూములోకో, బట్టల గదిలోకో అందరూ దూరాలి. 2019 అక్టోబరు 20 ఆదివారం రాత్రి ఉత్తర డాలస్ మీదుగా 25 కిలోమీటర్లు నడిచిన టోర్నడో చీకట్లో వచ్చింది. ఇళ్ళ కప్పులు లేచాయి, బడులు కూలాయి. ఒక్క ప్రాణం పోలేదు. సైరన్లు, ఫోన్ల హెచ్చరికలు, రాడార్ మీద తిరుగుతున్న మేఘాన్ని చూసి మాట్లాడుతూనే ఉన్న టీవీలు. కళ్ళకు కనబడని ఒంటిని రాడార్ చూసి చెప్పింది. వాన చినుకులు మనవైపు వస్తున్నాయో మననుంచి పోతున్నాయో డాప్లర్ రాడార్ రంగుల్లో వేరుచేస్తుంది. ఒక రంగు పక్కనే దానికి విరుద్ధమైన రంగు అతుక్కుని కనబడితే అక్కడ తిరుగుడున్నట్టు. చినుకుల ఒళ్ళు అరువు తీసుకున్న గాలి అది. బేగంపేటలోని మన వాతావరణ కేంద్రం రాడార్ కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది.

ఈ గాలిని అందరికంటే లోతుగా చదివినవాడు జపాన్‌లో పుట్టిన టెట్సుయా ఫుజితా. 1945లో ఆయన కొకురా దగ్గరి కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. ఆగస్టు 9న రెండో అణుబాంబు పడవలసింది కొకురా మీదే. ఊరు మబ్బులూ పొగా కమ్మి కనబడకపోవడంతో విమానం నాగసాకికి మళ్ళింది. ఆ తర్వాత ఫుజితా నాగసాకి, హిరోషిమాల శిథిలాల్లో తిరిగి, చెట్లు పడ్డ తీరును చూశాడు. నడిమి నుంచి నలువైపులకూ, కిరణాలు పరిచినట్టు పడి ఉన్నాయి. ఆ దిశలను బట్టి బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్కగట్టాడు. తర్వాత షికాగో వెళ్ళి, 1971లో టోర్నడోలకు సున్నా నుంచి ఐదు దాకా కొలమానం కట్టాడు. అది గాలిని కొలవదు, గాలి వదిలిపోయినదాన్ని కొలుస్తుంది. 1974 ఏప్రిల్‌లో ఒక్క రోజులో 148 టోర్నడోలు విరుచుకుపడి మూడువందలకు పైగా మందిని చంపినప్పుడు, వాటి దారులన్నిటినీ పటం మీద చేత్తో గీశాడు. విమానంలో తక్కువ ఎత్తున ఎగురుతూ పడిపోయిన చెట్లనూ మొక్కజొన్న చేలనూ ఫొటోలు తీస్తుంటే, కొన్నిచోట్ల చెట్లు సుళ్ళు తిరిగి పడిలేవు. నాగసాకిలో చూసినట్టే కిరణాలుగా పడి ఉన్నాయి.

అది సుడి కాదు. మేఘం లోపల వానతో, మంచుతో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి కుప్పకూలి, నేలకు తగిలి నలువైపులా చిందిన గాలి. నాలుగు కిలోమీటర్లకు మించని చిన్నదైతే మైక్రోబర్స్ట్ అన్నాడు. తోటి శాస్త్రజ్ఞుల్లో చాలామంది ఏళ్ళపాటు ఒప్పుకోలేదు. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతూ ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి వందమందికి పైగా చనిపోయినప్పుడు, కారణం ఇదేనని ఆయన తేల్చాడు. 1985 ఆగస్టు 2న డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో డెల్టా విమానం అలాగే కూలి 137 మంది పోయాక ఇక వాదించేవాళ్ళు మిగల్లేదు. దిగుతున్న విమానానికి మొదట ఎదురుగాలి తగిలి రెక్కలకు బలం వచ్చినట్టుంటుంది. వెంటనే పైనుంచి తొక్కుడు. ఆ వెంటనే వెనకగాలి, రెక్కల కింద ఏమీ ఉండదు. ఈ గాలికి చాలాసార్లు దుమ్ము ఒళ్ళు కూడా ఉండదు.

శంషాబాద్ విమానాశ్రయంలో 4,260 మీటర్ల పొడుగు రన్‌వే తూర్పు పడమరలుగా ఉండటం ఊరికే కాదు. వానకాలమంతా ఇక్కడి గాలి పడమటిది, విమానం దానికి ముఖం పెట్టి దిగాలి. మే నెల సాయంత్రం మబ్బు కమ్మి ఈదురుగాలి మొదలయ్యాక దిగవలసిన విమానాలు ఆకాశంలో గుండ్రాలు తిరగడం, విజయవాడకో బెంగళూరుకో మళ్ళడం చూసి లోపలివాళ్ళు విసుక్కుంటారు. గాలి హఠాత్తుగా మారుతోందని కాక్‌పిట్‌లో ఇప్పుడు మోగే విండ్‌షియర్ హెచ్చరిక వెనుక నాగసాకి చెట్లున్నాయి, న్యూయార్క్ శవాలున్నాయి, ఒక మనిషి మొండితనం ఉంది. ఆ ఆలస్యాన్ని నేను ఓపికగా భరిస్తాను.

ఫుజితా టోర్నడోను కళ్ళారా మొదటిసారి చూసింది 1982లో, కొలరాడోలో. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. ప్రపంచమంతా మిస్టర్ టోర్నడో అని పిలిచే మనిషి, అప్పటిదాకా దాన్ని చూడనేలేదు. పడిపోయినవాటి దిశలను బట్టి మొత్తం రూపాన్ని మనసులో నిలబెట్టుకున్నాడు. రసవిమర్శ చేసేవాడికి ఇంతకన్నా గొప్ప గురువు ఎవరు?

ఆ చదువు మనకు ఇక్కడే అవసరమైంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో, మేడారం చుట్టుపక్కల, కొద్ది గంటల్లో 50 వేలకు పైగా చెట్లు కూలిపోయాయి. వందల ఎకరాల అడవి. అటవీశాఖ వాళ్ళు లోపలికి వెళ్ళి చూసేదాకా నమ్మలేదు. ఊళ్ళ మీద పడనందుకు జనం మేడారం తల్లులకు దండం పెట్టుకున్నారు. సుడిగాలి అన్నారు కొందరు, మేఘం నుంచి కుప్పకూలిన గాలి అన్నారు కొందరు. రోజుల తరబడి వానకు నాని మెత్తబడిన నేల, లోతుకు పోని వేళ్ళు కూడా సాయపడ్డాయన్నారు. డ్రోన్ దృశ్యాల్లో కొన్ని చెట్లు వేళ్ళతో సహా పెళ్ళగిలి, వేళ్ళకు పట్టిన ఎర్రమట్టి గోడతో నిలబడి ఉన్నాయి. కొన్ని నడిమికి విరిగి, తెల్లటి నార బయటపెట్టి ఉన్నాయి. చూస్తున్నంతసేపూ నా కళ్ళు వెతికింది ఒక్కదాని కోసమే: ఏ చెట్టు ఎటు తలపెట్టి పడింది? పక్కపక్క చెట్లు ఒకదానికొకటి ఎదురు తలలు పెట్టాయా, అన్నీ ఒకే బిందువు నుంచి పారిపోతున్నట్టు పడ్డాయా? ఆ రోజు గాలి అరువు తెచ్చుకున్న ఒళ్ళు ఆ అడవే. మనం ఆ చెట్లను ఒక్కొక్కటిగా నరికి లారీలకెక్కిస్తే, ఆ గాలి ఎవరో ఇక ఎవరూ చెప్పలేరు.

షాద్‌నగర్‌లో, మన బెంగళూరు రోడ్డు మీదే, జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహాల చిత్రాలను అందుకుంటుంది. ఆ అడవి ముందెలా ఉందో, తర్వాతెలా ఉందో ఆకాశం నుంచి తీసిన బొమ్మలు ఉంటాయి. చెట్టు చెట్టుకూ అది పడ్డ దిశలో ఒక బాణం గీసి, ఫుజితా గీసినట్టే, పెద్ద పటం ఒకటి తెలుగు అక్షరాలతో తయారుచేసి మేడారంలో పెట్టాలని నా కోరిక. రెండేళ్ళకోసారి జాతరకు కోటిమంది వస్తారు. గద్దెల దగ్గరికి పోయే దారిలో పెడితే, నెత్తిన బెల్లపు బంగారం మోస్తూ క్యూలో నిలబడ్డ మనుషులు ఆ బాణాలను తీరిగ్గా చదువుకుంటారు. ఎటునుంచి వచ్చింది, ఎక్కడ తిరిగింది, ఎక్కడ పడింది అని ఒకరికొకరు వేలుపెట్టి చూపించుకుంటారు.